కాకి వాలింది, కండెన్సరు చల్లారింది

పాత కారొకటి కొని, దాన్ని స్వయంగా బాగుచేసుకోవడం నేర్చుకుంటున్నానని చెబితే మిత్రులు రెండు ప్రశ్నలు వేస్తారు. ఎంత ఖర్చయింది అన్నది మొదటిది. ఇప్పుడు నడుస్తోందా అన్నది రెండవది. మొదటిదానికి జవాబు మా ఇంట్లోనే పూర్తిగా చెప్పలేదు కనుక ఇక్కడా చెప్పను. రెండవదానికి "ఆఁ, నడుస్తోంది" అని ఇట్టే అనేయవచ్చు. కానీ ఆ ఒక్క మాట అనడానికి నాకెంత హక్కుందో తెలుసుకోవడానికే రెండేళ్ళు పట్టింది. ఈ టపా దాని గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మరమ్మతు నేర్చుకునేవాడికి అజ్ఞానం పెద్ద శత్రువు కాదు. ఏమీ తెలియనివాడు భయపడతాడు, పుస్తకం తిరగేస్తాడు, నలుగురినీ అడుగుతాడు. అసలు శత్రువు అకారణంగా దక్కిన విజయం. చేసిన పనికీ కలిగిన ఫలితానికీ సంబంధం లేకపోయినా "నేను చేశాను గనక బాగయింది" అనిపిస్తుందే, ఆ క్షణం. మన పెద్దలు దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టారు. కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగాయి. పండును తానే రాల్చానని కాకి అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. బ్రేకులు తానే బాగుచేశానని మనిషి అనుకుంటే మాత్రం నష్టముంది.

బండి సంగతి కాస్త చెప్పాలి. అది ఎం.జి.బి., 1970 నాటిది. పైకప్పు వెనక్కు మడుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు. ఈ రకాన్ని ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 దాకా తయారుచేశారు. పైకప్పు మడిచేవీ, గట్టి కప్పు ఉన్న జి.టి.లూ కలిపి 5 లక్షలకు పైచిలుకే వచ్చాయి. అంతమంది కొన్న బండి కనుకనే, కంపెనీ దాన్ని మానేసి నాలుగు దశాబ్దాలు దాటినా విడిభాగాలకు కరువు లేదు. పాత అచ్చులు వెదికి తీసి, 1988లో కొత్త బాడీలు సైతం చేయడం మొదలుపెట్టారు. ఎం.జి. అన్న అక్షరాలు మోరిస్ గరాజెస్ అన్న పేరులోనివి. ఆ మోరిస్ దొర ఆక్స్‌ఫర్డులో సైకిళ్ళు బాగుచేసే కొట్టుతో జీవితం మొదలుపెట్టినవాడు.

మోరిస్ అన్న పేరు మనకూ కొత్తది కాదు. హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు మన దేశపు రూపం. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయేదాకా మన ఊళ్ళ రోడ్లమీద అది చేయని చాకిరీ లేదు. అంబాసిడరులో ఏళ్ళ తరబడి పనిచేసిన 1489 సీసీల పెట్రోలు ఇంజనూ, నా ఎం.జి.బి.లోని 1798 సీసీల ఇంజనూ ఒకే కుటుంబానివి. బి.ఎం.సి. బి-సిరీస్ అంటారు దాన్ని. అంటే ఈ సోకైన స్పోర్ట్స్ కారు గుండెకాయ మా ఊరి టాక్సీ గుండెకాయకు వరసకు అన్నదమ్ముడన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజున నాకు కొంత ధైర్యం వచ్చింది, కొంత సిగ్గూ వేసింది. సిగ్గెందుకో చివర చెబుతాను.

కొన్న మొదటి వేసవిలోనే బండికి ఒక జబ్బు పట్టుకుంది. ఉదయం చక్కగా స్టార్టవుతుంది. పది పన్నెండు మైళ్ళు హాయిగా పోతుంది. ఆ తరవాత మిస్సింగు మొదలై, తుమ్మి, దగ్గి, రోడ్డు పక్కన ఆగిపోతుంది. నేను కార్బొరేటరును అనుమానించాను. ఎందుకంటే కార్బొరేటర్లు పైకి కనబడతాయి. ఈ బండికి రెండున్నాయి, ఎస్.యు. రకానివి. చూడముచ్చటైన యంత్రమది. ఇంజను గాలి పీల్చేకొద్దీ పైన ఏర్పడే శూన్యానికి ఒక పిస్టను పైకి లేస్తుంది. దానికి వేలాడే సూది, కింద జెట్టులోంచి పైకి వస్తుంది. సూది మొన వైపు సన్నబడుతూ ఉంటుంది గనుక, అది ఎంత లేస్తే పెట్రోలుకు అంత దారి దొరుకుతుంది. ఎంత గాలి పోతే అంత పెట్రోలు. ఇంత సొగసైన యంత్రం చేతికందేటట్టు ఉంటే వేలు పెట్టకుండా ఉండడం ఎవరి తరం?

జెట్టు కింది నట్టును ఒక పలక తిప్పాను. స్టార్టు చేశాను. బండి బాగుపడింది! ఆనందంగా ఇంటికి చేరాను. మరుసటి ఆదివారం మళ్ళీ ఆగింది. ఈసారి రెండు పలకలు వెనక్కు తిప్పాను. మళ్ళీ బాగుపడింది. ఆ పై ఆదివారం రెండు కార్బొరేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని విని, సరిచేశాను. అప్పుడూ బాగుపడింది. మూడు ఆదివారాలు, మూడు రకాల చికిత్సలు, మూడు విజయాలు. నేనింక కార్బొరేటర్ల విషయంలో ఎవరికైనా సలహా ఇవ్వగలనన్న భావన కలిగింది. ఇచ్చాను కూడా.

మా వీధిలో ఒక రిటైరయిన మెకానిక్ ఉన్నారు. ఎనభై దాటినాయన. నా విజయగాథలన్నీ ఓపికగా విని ఒకే ప్రశ్న అడిగారు. "ఆగిపోయాక మళ్ళీ స్టార్టు చేయడానికి ఎంతసేపు పట్టింది?" ప్రతిసారీ ఇరవై నిమిషాలో అరగంటో అన్నాను. "ఈసారి ఆగినప్పుడు చేతులు జేబులో పెట్టుకుని అరగంట నిలబడు. ఏమీ ముట్టుకోకు" అన్నారు.

అలాగే నిలబడ్డాను. అరగంట తరవాత తాళం తిప్పితే బండి మొదటి తిప్పుకే స్టార్టయింది. నేను ఏమీ చేయలేదు. ఇంజను చల్లారింది, అంతే. అంటే ఆ మూడు ఆదివారాలూ బండిని బాగుచేసినది నా చేతులు కాదు, నా చేతులు పనిచేస్తున్నంతసేపూ గడిచిన కాలం.

రోగం డిస్ట్రిబ్యూటరులో ఉంది. పాయింట్ల పక్కన వేలి కొసంత డబ్బీ ఒకటుంటుంది, కండెన్సరు. పాయింట్లు విడిపడ్డప్పుడు కాయిలులో ప్రవాహం టక్కున తెగాలి. అప్పుడే ప్లగ్గు దగ్గర గట్టి నిప్పురవ్వ పుడుతుంది. కండెన్సరు లేకపోతే ఆ ప్రవాహం పాయింట్ల మధ్య చిటపటలాడుతూ దూకుతుంది. పాయింట్లు కాలతాయి, ప్లగ్గుకు నీరసపు రవ్వ అందుతుంది. నా బండిలోని కండెన్సరు చల్లగా ఉన్నంతసేపూ పనిచేసి, వేడెక్కితే చేతులెత్తేసేది. దాని ఖరీదు ఒక కాఫీ పాటి. కొత్తది వేశాను, జబ్బు పోయింది. ఆ పెద్దాయన అక్కడితో వదలలేదు. "పాతది మళ్ళీ పెట్టి చూడు" అన్నారు. బాగయిన బండిని చేజేతులా పాడుచేయమనడం నాకు వింతగా తోచింది. పెట్టాను. పన్నెండో మైలుకు ఆగింది. కొత్తది బిగించాను. ఆగలేదు. "ఇప్పుడు చెప్పు, బాగుచేశానని" అన్నారాయన.

ఈ వృత్తిలోని చదువంతా ఆ ఒక్క పరీక్షలో ఉందని నా నమ్మకం. ఒకసారి ఒకే మార్పు. మార్పుకు ముందు ఎలా ఉందో, తరవాత ఎలా ఉందో నోటుపుస్తకంలో రాత. వీలున్నచోట మార్పును వెనక్కు తీసి, జబ్బు తిరిగి వస్తుందో రాదో చూడడం. ఈ మూడూ లేనివాడు కొత్త భాగాలు కొనగలడు, పాతవి విప్పగలడు, అదృష్టం బాగుంటే బండి నడపగలడు కూడా. కానీ వాడు నేర్చుకున్నది ఏమీ ఉండదు.

ఇదే కారణాన పనికొక వరస ఉంటుంది. బడిలో పద్యం చెప్పిన మాస్టారు తాత్పర్యానికి ముందు ప్రతిపదార్థమూ, దానికి ముందు పదవిభాగమూ చేయించేవారు. పదాలు సరిగ్గా విడదీయనివాడి తాత్పర్యం ఎంత అందంగా ఉన్నా తప్పే. ఇంజను ట్యూనింగూ అంతే. ముందు వాల్వుల సందులు, తరవాత ఇగ్నిషను, అన్నిటికన్నా చివర కార్బొరేటరు. వాల్వులు సరిగ్గా మూసుకోని ఇంజనుకు ఏ టైమింగూ నప్పదు. రవ్వ సరిగ్గా పడని ఇంజనుకు ఏ పెట్రోలు పాళ్ళూ కుదరవు. నేను తాత్పర్యంతో మొదలుపెట్టాను.

ఈ వరసలో ప్రతి మెట్టుకూ దాని సొగసు దానికుంది. వాల్వుల పని చూడండి. ఈ ఇంజనుకు ఎనిమిది వాల్వులు. రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే సుమారు 0.38 మి.మీ. ఉండాలి. ఏ వాల్వును ఎప్పుడు కొలవాలన్నదానికి ఒక తొమ్మిది సూత్రముంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటోది కొలవాలి. మూడోది తెరుచుకున్నప్పుడు ఆరోది. రెండంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. సందు కొలిచే ఉక్కు రేకు రాకర్ కింద ఎంత బిగువుగా జారాలన్నది మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు. అది వేళ్ళకు తెలియాలి. తెలియడానికి నాకు నాలుగైదు సార్లు పట్టింది.

విద్యుత్తు విషయమూ అంతే. బానెట్టు కింద తీగల గుత్తి చూసి మొదట్లో హడలిపోయేవాణ్ణి. తరవాత తెలిసింది, వాటికొక వ్యాకరణముందని. గోధుమరంగు తీగలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. తెల్లదానిలో తాళం తిప్పితే వస్తుంది. ఆకుపచ్చది తాళం తిప్పాక ఫ్యూజు గుండా వచ్చేది. నల్లది ఎర్తు. నీలం హెడ్‌లైట్లది, ఎరుపు పక్క దీపాలది. ఈ నాలుగు ముక్కలూ వచ్చాక, ఆరిపోయిన ప్రతి దీపానికీ కొత్త బల్బు కొనడం మానేశాను. చాలామటుకు తుప్పు పట్టిన ఎర్తే దోషి. ఉప్పుకాగితంతో రుద్దితే వెలుగుతుంది. రుద్దే ముందు మీటరు పెట్టి చూడాలి. లేకపోతే అదీ కాకతాళీయమే.

ఇంతవరకూ చెప్పినదానిలో తప్పు చేస్తే పోయేది సమయమూ, డబ్బూ. బ్రేకుల దగ్గర లెక్క మారిపోతుంది.

రెండో ఏడు వెనక చక్రాల బ్రేకు సిలిండర్లు కారుతుంటే మార్చాను. పైపుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపిలు విప్పి బిగించాలి. పన్నెండేళ్ళ మా అమ్మాయి పెడలు దగ్గర కూర్చుంది. మొదట మెత్తగా ఉన్న పెడలు, తొక్కగా తొక్కగా గట్టిపడింది. "గట్టిగానే ఉంది నాన్నా" అంది. నేనూ కూర్చుని తొక్కి చూశాను. నిజంగానే గట్టిగా ఉంది. పని అయిపోయిందనుకున్నాను. అంత సాయం చేసిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరదాకా వెళ్ళి వద్దామని బయలుదేరాను. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు దాదాపు నేలదాకా పోయింది. రెండో తొక్కుకు పట్టింది. ఎదుటి ఇంటి గోడకు జానెడు దూరంలో ఆగాం. వేగం తక్కువ కనుక సరిపోయింది. అమ్మాయి నవ్వింది, నేను సరదాకి చేశాననుకుంది. నేను నవ్వలేదు.

జరిగినది ఇదీ. ఈ బండి వెనక బ్రేకులు డ్రమ్ము రకానివి. వాటి పట్టీలను డ్రమ్ముకు దగ్గరగా తెచ్చే సర్దుబాటు మర వెనకపక్కన ఉంటుంది. దాన్ని చేత్తో బిగించాలి. నేను విప్పిన మరను తిరిగి బిగించలేదు. పట్టీలు దూరంగా ఉండడంవల్ల మొదటి తొక్కులోని ఆయిలంతా వాటిని డ్రమ్ముదాకా చేర్చడానికే సరిపోయేది. వరసగా తొక్కితే పెడలు గట్టిపడేది. మేము షెడ్డులో వరసగా తొక్కుతూనే పరీక్షించాం. రోడ్డు మీద ఎవరూ వరసగా తొక్కరు. అడగవలసిన ప్రశ్న "గట్టిగా ఉందా" అని కాదు, "కాసేపు ఆగి, మొదటిసారి తొక్కితే ఎక్కడిదాకా పోతోంది" అని. మళ్ళీ అదే తప్పు. విజయం కనబడగానే పరీక్ష ఆపేశాను.

ఆ సాయంత్రం రెండు నియమాలు పెట్టుకున్నాను. బ్రేకులూ, స్టీరింగూ నేను ముట్టుకుంటే, రోడ్డెక్కేముందు నాకన్నా తెలిసినవారొకరు చూసి తీరాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు, స్టాండ్లు వేయాల్సిందే. బ్రిటనులో 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని నలభై ఏళ్ళు దాటిన కార్లకు ఏటేటా తనిఖీ తప్పనిసరి కాదు. బండిని రోడ్డుకు తగిన స్థితిలో ఉంచే బాధ్యత మాత్రం యజమానిదే. చాలామంది దీన్ని వరమనుకుంటారు. నాకది వరంలా కనబడదు. తన పని తాను దిద్దుకుని తానే మార్కులు వేసుకునే విద్యార్థికి ఇచ్చిన సెలవులా ఉంటుంది. నేను ప్రతి ఏడూ అడిగి మరీ తనిఖీ చేయించుకుంటున్నాను. కొత్తగా ఈ దారిన వచ్చే ప్రతివారూ అలా చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సలహా కూడా ఇస్తాను, ఈసారి కొంత అర్హతతోనే. మొదటి ఏడాది దేన్నీ పునరుద్ధరించబోకండి. కారు మొత్తం విప్పి, మరమరా శుభ్రం చేసి, రంగులు వేసి, కొత్తదానిలా నిలబెడదామన్నది అందరి కల. విప్పడం వారాంతంలో అయిపోతుంది. డబ్బాల్లోకి చేరిన భాగాలు తిరిగి కారయ్యేది ఎన్నో కొన్నిటే. నడుస్తున్న బండిని నడుపుతూ, మూడువేల మైళ్ళకోసారి ముందు చక్రాల కింగ్‌పిన్నులకు గ్రీజు కొడుతూ, ఆయిలు మారుస్తూ, దాని మాట వినడం నేర్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పటి చప్పుడు తెలియనివాడికి జబ్బు చేసినప్పటి చప్పుడు ఎలా తెలుస్తుంది? కొనేటప్పుడు మాత్రం మెరిసే రంగును చూడకండి. తలుపుల కింద అడ్డంగా పోయే సిల్స్ చూడండి. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు. బాడీయే వెన్నెముక. సిల్స్ తుప్పు పట్టి, పైన పుట్టీ పూసి ఉంటే, మీరు కొనేది కారు కాదు, కారు బొమ్మ.

ఇదంతా కలిగినవారి కాలక్షేపం కదా అనవచ్చు. కొంతవరకు నిజమే, కాదనను. పాత కార్లే గొప్పవని కూడా నేననను. గుద్దుకుంటే కొత్త కారు కాపాడినట్టు ఇది కాపాడదు. పొగ కూడా ఎక్కువే. కానీ నేను చెబుతున్న చదువుకు స్పోర్ట్స్ కారే అక్కరలేదు. పెరట్లో మూలపడిన పాత చేతక్ స్కూటరు చాలు. కొత్త కార్లలో కంప్యూటరు తప్పు ఫలానా అని చెప్పేస్తుంది కదా అంటారు. అది చెప్పేది లక్షణం. నాలుగో సిలిండరు మిస్సవుతోందని చెప్పగలదు. తప్పు ప్లగ్గుదా, కాయిలుదా, ఇంజెక్టరుదా, వాల్వుదా అన్నది మళ్ళీ ఒక్కొక్కటే మార్చి చూసి మనిషే తేల్చాలి.

సిగ్గు సంగతి బాకీ ఉన్నాను.

మా ఊళ్ళో బస్టాండు పక్కన ఒక షెడ్డుండేది. అంబాసిడర్లు బారులు తీరి ఉండేవి. మేస్త్రి గారు నడుస్తున్న ఇంజను మీద వంగి, ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్ళీ పెట్టేవారు. ఒకటి పీకితే ఇంజను తడబడేది. ఇంకొకటి పీకితే తడబడేది. ఏది పీకినా ఏ తేడా రాలేదో, "ఇదీ" అని పక్కన కుర్రాడికి చూపించేవారు. బడికి పోతూ మేము నిలబడి చూసేవాళ్ళం. ఆయనేదో అందాజాగా, చేతికి వచ్చినట్టు చేస్తున్నారనుకునేవాళ్ళం. ఇంట్లోనూ అదే మాట. సరిగ్గా చదవకపోతే ఆ షెడ్డులో పానాలు అందించుకుంటూ బతకాల్సి వస్తుందని బెదిరించేవారు. నేను సరిగ్గానే చదివాను. చదివి, అంత దూరం వచ్చి, మూడు ఆదివారాలు నట్లు తిప్పి, తిప్పినందుకే బాగయిందనుకున్నాను.

మేస్త్రి గారు చేసినది అందాజా కాదు. ఒకసారి ఒకే మార్పు. తీసి చూడడం, పెట్టి చూడడం. మార్పు రాని చోటే రోగముందని తేల్చడం. ప్రయోగశాలలో నాకు నేర్పాలని మాస్టార్లు ప్రయత్నించిన పద్ధతి అదే. నేను దాన్ని రికార్డు పుస్తకంలో చక్కటి చేతిరాతతో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. ఆయన రోజుకు ఇరవైసార్లు చేశారు. తేడా ఏమిటంటే, ఆయన తప్పు చెబితే సాయంత్రానికల్లా ఆ టాక్సీ తిరిగి షెడ్డు ముందు నిలబడేది. నేను తప్పు రాస్తే ఏ కారూ వచ్చి నిలబడలేదు.

చేతిపనిని గౌరవించాలని ఉపన్యాసాలు చెబుతుంటాం. ఆ గౌరవం జాలితో ఇస్తే వారికి అక్కరలేదు. చేతిపనిలో ఉన్నది చెమట మాత్రమే కాదు, మన వాదాల్లో తరచు కనబడని రుజువు. మన అభిప్రాయాలు తప్పయినా మనం హాయిగా ఇంటికి చేరతాం. బ్రేకులు అలా ఊరుకోవు.

పాత కండెన్సరును పారేయలేదు. రాసుకునే బల్ల మీద ఉంచాను. ఏదైనా గట్టిగా రాయబోయే ముందు దానివంక ఒకసారి చూస్తాను. అన్నిసార్లూ కాదు.